మెట్ల మీద పరుపులు

గిన్నెలో గరిటె తిప్పుతూనే ఆమె లోపలి గదిలోంచి వస్తున్న గురకను వింటోంది. అది ఒక పద్ధతి ప్రకారం సాగే గురక. ముందు సన్నగా ఈల, తర్వాత రంపం కోత, ఆపైన కాసేపు ఏమీ ఉండదు. మనిషి ఉన్నాడా పోయాడా అనిపించేలోగా మళ్లీ ఈల. రాత్రంతా ఆ మూడింటినీ వరసగా వింది. తెల్లారాక కూడా వింటోంది. ఆమెకు మొగుడి మీద కోపం లేదు. ఆయన నిద్ర మీద ఉంది.

ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు. పొద్దస్తమానం నిచ్చెన ఎక్కడం, దిగడం, నిచ్చెనను జరపడం, డబ్బా మోయడం, చెయ్యి పైకెత్తి గోడ గీకడం. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, దిండు మీద తల ఆనించీ ఆనించకముందే నిద్రపోతాడు. చెబుతున్న మాట సగంలో ఉండగానే పోతాడు. "ఇవాళ ఆ మేస్త్రీ ఏమన్నాడంటే..." అంటాడు. మేస్త్రీ ఏమన్నాడో ఆమెకు మర్నాటి దాకా తెలియదు. మర్నాడు ఆయనకే గుర్తుండదు.

"నిద్ర పట్టిందా?" అంటూ ఆయన కళ్లు నులుముకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చెవి వెనకాల నిన్నటి నీలంరంగు చుక్క అలాగే ఉంది.

"మీకు పట్టింది కదా. ఇంటికొకరు పడుకుంటే చాలు."

"పొద్దున్నే మొదలెట్టావూ?"

"నేను రాత్రే మొదలెట్టాను. మీరే వినలేదు."

ఆయన నవ్వాడు. నవ్వితే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. "చల్లటి గది, తిరిగే కుర్చీ, కూర్చుని మాట్లాడే పని. ఒంటికి కష్టమేముంది, నీకు నిద్ర పట్టకపోవడానికి?"

"కష్టం లేకపోవడమే..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. "ఇవాళ ఆఫీసులో అడుగుతాను. మెట్ల తలుపు తియ్యమని."

"అడుగు. కానీ మర్యాదగా అడుగు. తలుపు కోసం పోయి కుర్చీకి ఎసరు తెచ్చుకోకు."

కుర్చీ. ఆ ఇంట్లో ఆ మాటకు పెద్దరికం ఉంది. ఆమె తండ్రి మిల్లులో బస్తాలు మోసేవాడు. మెడ మీద, రెండు భుజాల నడుమ, చిన్న మూట పెట్టినట్టు కండ లేచి ఉండేది. "నా బిడ్డ కూర్చుని తినాలి," అనేవాడు. ఆ ఇంటి మొత్తంలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో ఒకసారి ఆఫీసు చూస్తానని తండ్రి ఆమె వెంట వచ్చాడు. ఆమె కుర్చీ చేతిని నిమిరాడు. కూర్చునే మెత్తను అరచేత్తో నొక్కి, అది మళ్లీ పైకి లేవడం చూశాడు. కూర్చో నాన్నా అంటే కూర్చోలేదు. "నా బట్టలు మురికమ్మా," అన్నాడు. ఆ మనిషి గోనెసంచి మీద పడుకుంటే, ఇంటి ముందు బండ్లు పోతున్నా లేచేవాడు కాదు. తను మోసిన బస్తాలన్నీ కూతురికి కుర్చీగా మారాయని సంతోషంగా పోయాడు. ఆ కుర్చీలో కూర్చున్న కూతురి కంటి మీద కునుకు ఉండదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాడు.

ఆమె అన్నం డబ్బా సర్దుకుని, చెప్పులు వేసుకుని, బస్సు కోసం పరుగెత్తింది. రోజు మొత్తంలో ఆమె ఒంటికి దొరికే పని ఆ పరుగే. వీధి చివరి దాకా.

*

ఆమె పనిచేసేది ఒక పరుపుల కంపెనీలో.

తెలియనివాళ్లు ఇది వినగానే నవ్వుతారు. నిద్ర పట్టని మనిషికి పరుపుల కంపెనీలో ఉద్యోగమా అని. మొదట్లో ఆమే ముందుగా ఆ హాస్యమాడి, వాళ్లకంటే ముందే నవ్వేసేది. ఇప్పుడు నవ్వదు. రహదారి పక్కన అద్దాల మేడ, ఆరో అంతస్తు, ఫిర్యాదుల విభాగం. కిటికీలు తెరుచుకోవు. వరసలుగా బల్లలు, బల్లకో కంప్యూటరు తెర, తెర ముందో మనిషి, మనిషి చెవులకు హెడ్‌ఫోను. ప్రతి తల మీదా చిన్న దీపం వేలాడుతుంది. మనిషి సీట్లో ఉంటే పచ్చగా వెలుగుతుంది, లేస్తే ఎర్రబడుతుంది. ఎరుపు కాసేపు అలాగే ఉంటే అద్దాల గదిలోంచి సూపర్‌వైజరు మెడ సాచి చూస్తాడు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చెవిలో నిద్ర పట్టని మనుషులు మాట్లాడతారు. పరుపు గట్టిగా ఉందంటారు, మెత్తగా ఉందంటారు, నడుం దిగబడుతోందంటారు, వేడి పుడుతోందంటారు. అటు తిరిగినా ఇటు తిరిగినా తెల్లారుతోందంటారు. "మీ నిద్రకు కలిగిన అంతరాయానికి చింతిస్తున్నామండీ," అంటుంది ఆమె. ఆ వాక్యం తెర మీద రాసి ఉంటుంది. దాని కింద చెప్పవలసిన తర్వాతి వాక్యం కూడా ఉంటుంది. ఆ విభాగంలో అన్నింటికంటే పెద్ద నియమం ఒకటే: తప్పు పరుపుది కాదని ఎన్నడూ అనకూడదు. పరుపుదే తప్పు. ఆ తప్పుకు మందు ఇంకా మందమైన పరుపు.

కొన్నేళ్ల కిందట కంపెనీ తన ఉద్యోగులకు తలా ఒక పరుపు బహుమతిగా ఇచ్చింది. అన్నింటిలోకీ మందమైన రకం. ఆమె దాని మీద పడుకుని పైకప్పు చూసింది. మొగుడు మాత్రం, "అబ్బ, మబ్బు మీద ఉన్నట్టుంది," అని, ఆ మాట పూర్తి కాకముందే గురక పెట్టాడు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం లిఫ్టు పాడైంది. బాగుచేసేవాళ్లు ఇవాళ రేపు అంటూ వారాలు గడిపారు. అందరూ ఆరంతస్తులు తిట్టుకుంటూ ఎక్కారు, తిట్టుకుంటూ దిగారు. ఆమె కూడా తిట్టుకుంది. మొదట్లో పిక్కలు పట్టేసి, ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది. తర్వాత ఎప్పుడు మారిందో ఆమెకు తెలియదు. ఒక ఉదయం మొగుడు ఆమెను భుజం పట్టి కుదిపి లేపాడు. పెళ్లయ్యాక ఆయన ఆమెను లేపడం అదే మొదలు. లేచి కూర్చుని ఆమె కాసేపు ఏమైందో అర్థంకాక చుట్టూ చూసింది. రాత్రి అనేది ఒకటి మధ్యలో వచ్చి తనకు తెలియకుండానే పోయింది! చిన్నప్పుడు జాతరలో పోగొట్టుకున్నది ఏదో దొరికినట్టు, కారణం లేకుండా ఏడుపు వచ్చింది.

లిఫ్టు బాగైంది, నిద్ర పోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు.

అప్పటినుంచి మధ్యాహ్నం డబ్బా గబగబా ముగించి, మిగిలిన సమయమంతా మెట్లు ఎక్కేది, దిగేది. "మెట్లక్క" అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకుంది. అన్ని రాత్రులూ పట్టేది కాదు. నెలాఖరున మాటలు పడ్డ రోజున మెట్లు కూడా ఏమీ చేయలేకపోయేవి. కానీ ఎక్కువ రాత్రులు పట్టేది. అది చాలు. అంతకంటే ఎక్కువ ఆమె ఎవరినీ అడగలేదు.

నడకకు మెట్లే ఎందుకు, రోడ్డు లేదా అంటారు చెప్పేవాళ్లు. చెప్పేవాళ్లకు ఏం, చెబుతారు. పొద్దున్నే లేచి నడవమంటారు. పొద్దున్నే లేచి ఆమె వంట చేయాలి. సాయంత్రం నడవమంటారు. బస్సు ఇంటి దగ్గర దింపేసరికి చీకటి, చీకట్లో కుక్కలు, కుక్కలు లేని చోట మనుషులు. ఆఫీసు బయట రహదారికి అంచే లేదు, లారీలు ఒళ్లు రాసుకుంటూ పోతాయి. పైగా మధ్యాహ్నం గేటు దాటాలంటే అనుమతి కావాలి. ఇంటిపని చేస్తే అదే వ్యాయామం కదా అన్న డాక్టరు కూడా ఒకాయన ఉన్నాడు. ఆయన మీద కోపం ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు. నిలబడి చేసే చాకిరీకి నడుం నొప్పి వస్తుంది, నిద్ర రాదు. ఆ సంగతి ఆయనకు ఎలా తెలుస్తుంది, ఆయన ఇంట్లో గిన్నెలు ఎవరో తోముతారు.

ఇప్పుడు మెట్లు కూడా పోయాయి. జనం తిప్పి పంపిన పరుపులు గోడౌనులో పట్టక, కంపెనీ వాటిని తెచ్చి మెట్ల మీద పేర్చింది. పేర్చి తలుపుకు తాళం వేసింది.

*

"అక్కా, కళ్లు చూసుకున్నావా? కుంకుడుకాయలు పిసుక్కున్నట్టున్నాయి," అంది పక్క సీటు పిల్ల. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. అప్పుడే దాని మెడ ముందుకు వంగిపోయింది.

"నీవేం తామరపూలు కాదు."

"నేను రాత్రి సెల్లు చూస్తూ పడుకోలేదక్కా. నీకు ఆ సుఖం కూడా లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ పిల్ల దగ్గర మాత్రం ఇంకా వస్తుంది.

మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే ఆమె మెట్ల తలుపు దగ్గరికి వెళ్లింది. తలుపుకు పైన చిన్న అద్దం ముక్క ఉంది. అందులోంచి చూసింది. కింది అంతస్తు దాకా పరుపులే. నిలువుగా, అడ్డంగా, మడతపెట్టి, తాళ్లతో బిగించి. కొన్నింటి మీద తడి మరకలు, కొన్నింటి మీద ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. తను రోజూ ఫోనులో విన్న మనుషులందరి రాత్రులూ ఇక్కడ కుప్పపోసి ఉన్నట్టు అనిపించింది. నిప్పంటుకుంటే ఈ మేడలోని వాళ్లంతా ఎటు దిగుతారు? ఆ ఆలోచన పరుపులు పేర్చినవాడికి రాలేదా, వచ్చినా పేర్చాడా? తాళాన్ని చేత్తో పట్టుకుని ఒకసారి గట్టిగా గుంజింది. తలుపు దడదడలాడింది. అంతే.

తిరిగొచ్చి కూర్చుంది. తినాలనిపించలేదు.

కాసేపటికి అందరి తెరల మీదా ఒక బొమ్మ వచ్చింది. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. "లేవండి! ఒళ్లు విరుచుకోండి! కదిలే ఒంటికే కమ్మని నిద్ర!" అని కింద అక్షరాలు గెంతుతున్నాయి. ఇది కంపెనీ కొత్తగా మొదలుపెట్టిన ఆరోగ్య పథకం. రోజూ ఆ వేళకు వస్తుంది. కానీ ఫోన్లు ఆగవు. హెడ్‌ఫోను తీగ పొట్టిది. నిలబడితే తల బల్ల వైపు లాగుతుంది. గదిలో వాళ్లంతా గుంజకు కట్టిన మేకల్లా సగం లేచి, నడుం వంచి, "చింతిస్తున్నామండీ, చింతిస్తున్నామండీ," అంటున్నారు. పక్క సీటు పిల్ల ఆమె వైపు చూసి, చప్పుడు రాకుండా మేకలా నోరు తెరిచింది.

ఆమె లేవలేదు. సూర్యుడిని చూస్తూ కూర్చుంది. తలుపుకు తాళం వేసినవాళ్లే ఈ బొమ్మ పంపారు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఇదే కాబోలు. వాళ్లకు తెలుసు. ఒళ్లు కదలకపోతే నిద్ర రాదని వాళ్లకు తెలుసు, రాసి మరీ పంపారు. తెలియక చేస్తే అమాయకులనుకోవచ్చు.

అప్పుడు మోగింది ఆ ఫోను.

"అమ్మా, ఇది మూడో పరుపు," అన్నాడు అవతలి మనిషి. పెద్దవాడి గొంతు. మాట మధ్యలో ఒక పెద్ద ఆవులింత. "మొదటిది గట్టిదన్నారు, మార్చాను. రెండోది మెత్తదన్నారు, మార్చాను. ఇది దేవుడి విమానంలా ఉంది. ఇంట్లోవాళ్లంతా దొర్లుతున్నారు. నాకు మాత్రం కునుకు లేదు."

తెర మీద వాక్యం సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని చదవలేదు. ఆ ఆవులింతను ఆమె గుర్తుపట్టింది. నిద్ర వచ్చి తీసే ఆవులింత వేరు, రాక తీసేది వేరు. తనదే అది.

"మీరేం పని చేస్తారండీ?"

"నేనా? లెక్కలు చూస్తాను, ఒక గోడౌను ఆఫీసులో."

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు లేస్తారు కుర్చీలోంచి?"

"ఎందుకు లేస్తాను? కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి," అన్నాడాయన కొంచెం గొప్పగా. "భోజనం కూడా బల్ల దగ్గరే."

"పరుపు బాగానే ఉందండీ," అంది ఆమె. "మీ ఒళ్లే కదలడం లేదు."

పక్క సీటు పిల్ల టైపు చేయడం ఆపి ఇటు తిరిగింది.

"మీరు పరుపులమ్మేవాళ్లా, వైద్యం చేసేవాళ్లా?"

"అమ్మేదాన్నేనండీ. వైద్యం నాకు తెలియదు. నేనూ మీలాగే కూర్చునేదాన్ని, నాకూ నిద్ర లేదు. మధ్యాహ్నం మెట్లెక్కడం మొదలెట్టాక పట్టింది. నా ఒంటి సంగతి చెబుతున్నాను, మీ ఒంటి సంగతి మీరు చూసుకోవాలి."

ఆయన గొంతు మారింది. "ఎన్నాళ్లకు పట్టింది?"

"ఒక్కరోజులో రాదు. మొదట కాళ్లు పీకి ఇంకా చెడుతుంది. చీకటిపడ్డాక ఎక్కకండి, ఒళ్లు వేడెక్కి కూర్చుంటుంది. మధ్యాహ్నం చేయండి, మెల్లిగా. ఆయాసం వస్తే ఆగండి. గుండె సంగతి ముందు డాక్టరుకు చూపించుకోండి. అన్ని రాత్రులూ పట్టదు. కానీ పట్టిన రాత్రి..."

ఆ పట్టిన రాత్రి ఎలా ఉంటుందో చెప్పబోయింది.

"మా ఆఫీసుకు మెట్లున్నాయమ్మా," అన్నాడాయన, అంతకు ముందెప్పుడూ ఆ సంగతి గమనించనట్టు. "నేను లిఫ్టులో పోతాను."

*

సూపర్‌వైజరును వెనకాల అందరూ నవ్వుల సారు అంటారు. ఫోనులో మాట్లాడేటప్పుడు నవ్వండి, అవతలివాళ్లకు నవ్వు వినిపిస్తుంది అని చెబుతాడు. ఆమెకంటే చాలా చిన్నవాడు. ఆ ఫోను మాటలు తన గదిలోంచి విన్నాడు కాబోలు, ఆమెను అద్దాల గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చోమన్నాడు. మళ్లీ కూర్చోవడమే.

"మేడం, మీరు మా అందరికంటే సీనియర్. అందుకే నా గదిలో అడుగుతున్నా. ఏంటి మేడం అది?"

"నిజం చెప్పాను."

"నిజం చెప్పడానికి మీరు ఎవరు మేడం? అంటే, తప్పుగా అనుకోకండి. మనం అమ్మేది ఏమిటి చెప్పండి."

"పరుపులు."

"కాదు మేడం. నిద్ర." ఈ మాట ఆయన ఎక్కడో శిక్షణలో నేర్చుకున్నాడు. చెప్పాక కాసేపు ఆగమని కూడా నేర్పినట్టున్నారు, ఆగాడు.

"అయితే నాకో కిలో తూయండి," అంది ఆమె.

నవ్వుల సారు నవ్వు కొంచెం జారింది, మళ్లీ సర్దుకున్నాడు. "ఆయనకు తిరిగి ఫోన్ చేయండి. ఇందాకటిది మీ సొంత అభిప్రాయమని చెప్పండి. మందం రకం గురించి చెప్పండి. ఇప్పుడే చేస్తే ఇక్కడితో అయిపోతుంది. పైవాళ్లు ఆ రికార్డింగు వింటే నా చేతుల్లో ఉండదు. ఈ సీటు కోసం కింద ఎంతమంది తిరుగుతున్నారో మీకు తెలుసు."

తండ్రి అరచేయి కుర్చీ మెత్తను నొక్కడం ఆమె కళ్ల ముందు కదిలింది. మొగుడు మేస్త్రీలతో, "మా ఆవిడది కుర్చీ ఉద్యోగం," అనడం వినిపించింది. పళ్లు బిగబట్టి అడిగింది.

"మెట్ల తలుపు తీయిస్తారా?"

"మెట్ల తలుపు?"

"మధ్యాహ్నం ఎక్కుతాను నేను. అది లేకపోతే నాకు నిద్ర లేదు. పరుపులు ఇంకెక్కడైనా పెట్టించండి. మీరు చెబితే వింటారు."

"అంతేనా మేడం! తప్పకుండా. అది నాకు వదిలేయండి. ముందు ఫోన్ చేయండి."

ఆమె సీటుకు వచ్చింది. దీపం పచ్చబడింది. నంబరు నొక్కింది. ఇది బేరం అని ఆమెకు తెలుసు. ఫోనులోని ఆ పెద్దాయన నిద్ర ఇచ్చి తన నిద్ర కొనుక్కోవడం. కొందరు తెలిసి చేస్తారని ఇందాకే కదా మండిపడింది.

చాలాసేపు మోగాక ఎత్తాడు. రొప్పుతున్నాడు.

"మీరేనా అమ్మా! ఇప్పుడే దిగొస్తున్నా. మూడో అంతస్తులో ఆగిపోయాననుకోండి," అని నవ్వాడు. రొప్పు మధ్యలో నవ్వు, పిల్లవాడి నవ్వులా. "మా కుర్రాళ్లంతా చూసి ఏమైంది సార్ అంటున్నారు."

నవ్వుల సారు ఆమె వెనకాల నిలబడి రెండో హెడ్‌ఫోనులో వింటున్నాడు. తెర మీద వాక్యాన్ని వేలితో చూపించాడు.

"అయ్యా, ఇందాక నేను చెప్పింది నా సొంత అభిప్రాయమండీ," అని చదివింది ఆమె. "కంపెనీ తరఫున చెప్పింది కాదు. వైద్య సలహా లేకుండా శ్రమ చేయడం ప్రమాదకరం కావచ్చు. మీ సమస్యకు మా దగ్గర ఇంకా మందమైన రకం ఉంది."

రొప్పు తగ్గింది. నవ్వూ తగ్గింది.

"అంటే ఎక్కొద్దా అమ్మా?"

వేలు మళ్లీ అదే వాక్యం మీద ఆడింది. "మా దగ్గర ఇంకా మందమైన రకం ఉందండీ."

"సరే," అన్నాడాయన. ఆ గొంతులో మళ్లీ ఆ ఆవులింత వచ్చింది. "ఇందాక మీరు చెబుతుంటే మనసుతో చెబుతున్నారనిపించింది. అందుకే నమ్మాను. ఇప్పుడూ మీరే చెబుతున్నారు కాబట్టి... మీరెలాగంటే అలాగే. పంపించండి."

ఆర్డరు తెర మీదికి వచ్చింది. నవ్వుల సారు వెళ్లి, యంత్రం దగ్గర తనే స్వయంగా కాఫీ పట్టి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చూశారా మేడం. మీ అనుభవం ఊరికే పోతుందా! తాగండి, చురుగ్గా ఉంటారు."

"తలుపు ఎప్పుడు తీయిస్తారు?"

ఆయన అప్పటికే ఇంకో బల్ల వైపు తిరిగాడు. తల మాత్రం ఇటు తిప్పాడు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. నవ్వుతూనే అడిగాడు.

"ఏ తలుపు మేడం?"

అరిచి ఉంటే ఆ గదిలో అందరికీ గుర్తుండేది. ఆమె అరవలేదు. అబద్ధమాడితే కోప్పడవచ్చు, ఇతను అబద్ధం కూడా ఆడలేదు. మరిచిపోయాడు. ఇక్కడి నుంచి అక్కడికి నడిచేలోగా ఆమె నిద్ర మొత్తం ఇతని తలలోంచి జారిపోయింది. ఇన్నేళ్లు ఈ కుర్చీలో కూర్చుని సంపాదించిన పెద్దరికం బరువు ఇంత. ఆయన వెళ్లిపోయాడు.

ఆమె ఆర్డరును చూసింది. ఒక్క మీట నొక్కితే లారీ ఎక్కుతుంది. దాన్ని నొక్కలేదు. పాత నంబరు నొక్కింది.

"అయ్యా, పరుపు పంపడం లేదు. మీకు అక్కర్లేదు. డాక్టరుకు చూపించుకుని మెట్లెక్కండి."

"ఏంటమ్మా ఇది!" ఈసారి ఆయనకు కోపమొచ్చింది. "ఒక్క పూటలో మూడు మాటలు! వేళాకోళంగా ఉందా? ఏది నమ్మమంటారు?"

"మధ్యలోది నాది కాదండీ," అంది. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. నెత్తి మీద దీపం ఎర్రబడింది.

"ఎక్కడికక్కా?" అంది పక్క సీటు పిల్ల, ఫోను మధ్యలోనే, చేత్తో మైకును మూసి.

"కాళ్లు పట్టేశాయే. నడిచొస్తా." ఆ పిల్ల వంగిన మెడ మీద చెయ్యి వేసి, మెల్లిగా నిటారుగా నిలబెట్టింది. "నువ్వు ఇలా కూర్చో."

లిఫ్టులో దిగింది. వేరే దారి లేదు కదా. గేటు దగ్గర కాపలా మనిషి అనుమతి చీటీ అడిగాడు. "లేదు, అక్కర్లేదు," అంది. ఆ మాట అన్న తీరుకు అతను పక్కకు జరిగాడు. రహదారికి అంచు లేదు. అయినా అంచు వెంటే నడిచింది. లారీ ఒకటి మోత మోగించుకుంటూ పోయింది. తనూ గట్టిగా ఏదో అంది దాన్ని, ఇంట్లో ఎప్పుడూ అనని మాట. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు మీద కొట్టి రమ్మన్నాడు. తల అడ్డంగా ఊపింది.

కొంతదూరం పోయాక మొగుడికి ఫోను చేసింది.

"ఏంటా హోరు? ఎక్కడున్నావు?"

"రోడ్డు మీద."

"ఇంత పొద్దుండగానా? ఒంట్లో బాలేదా?"

"బాగుంది. నడుస్తున్నా."

"బస్సు రాలేదా?"

"వచ్చింది. పోయింది."

గోడ గీకే చప్పుడు ఆగింది. ఆయనకు అర్థమైంది. ఆయన మొద్దునిద్రవాడే కానీ మొద్దు కాదు.

"కుర్చీ?" అన్నాడు.

"అక్కడే ఉంది. వాళ్లదే కదా."

"పిచ్చిదానా! ఏం చేసొచ్చావే? మన పిల్ల హాస్టలు ఫీజు, ఇల్లు, ఇవన్నీ..."

"అరవకండి. నిచ్చెన మీదున్నారు. ఇంటికొచ్చాక తిడుదురుగాని, అప్పటిదాకా మెలకువగా ఉంటే."

ఆయన ఇంకేదో అన్నాడు. లారీల మోతలో వినపడలేదు. పిక్కలు నొప్పెడుతున్నాయి, మడమ దగ్గర చెప్పు కోస్తోంది. కోపం ఇంకా చల్లారలేదు, నడిచేకొద్దీ ఇంకా రాజుకుంటోంది కూడా. ఇల్లు చాలా దూరం ఉంది. ఆమె వేగం పెంచింది.

ఆరో అంతస్తులో ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది. దాని కింద, ఎవరూ నొక్కని ఆర్డరు ముందు, నవ్వుల సారు తెచ్చిపెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. కప్పు అంచుకు పెదవి ఆనిన గుర్తు లేదు.